ఓడుచున్న పిన్నవానిని బెంచిమీద కూర్చుండబెట్టవచ్చునా?

ఈ సంవత్సరము మన పాఠశాల క్రికెట్టు జట్టును గూర్చి తలిదండ్రులలోను, పూర్వవిద్యార్థులలోను, ఉపాధ్యాయుల గదిలోను ఒక వివాదము బయలుదేరినది. సంగతి చూడ చిన్నదే. కోదాడలో జరిగిన ఆటలో మన జట్టునందలి తొమ్మిదవ తరగతి బాలుడొకడు, వేగముగా బంతి వేయువాడు, రెండు ఓవరులలో 27 పరుగులిచ్చెను. పదునైదు దినముల పిమ్మట మిర్యాలగూడలో, గెలుపు మన చేతిలో నుండగా, చివరి ఓవరు అతనికే యియ్యబడెను. ఎదుటివారికి కావలసినవి 14 పరుగులు. మూడు వైడ్లు, ఒక నో బాలు, రెండు సిక్సరులు. ఓవరు ముగియకముందే ఆట ముగిసినది. సూర్యాపేటకు తిరిగి వచ్చు బస్సులో ఎవ్వరును మాటలాడలేదు. బస్సు దిగిన తరువాత అందఱును మాటలాడిరి.

ఆ మాటలలో ఎక్కువవాని సారమొక్కటే: వానిని తీసివేయవలెను. ఒక పెద్దమనిషి మా యింటికే వచ్చి, "సారూ, ఒక్క పిల్లవానిమీది జాలితో జట్టునంతయు ముంచెదరా?" అని యడిగెను. మఱునాడు ఒక తల్లి, ఆ బాలునికి ఏ బంధువును కాదు, బడి గేటువద్ద మమ్ము నిలిపి, "వాడు చిన్నవాడు సారూ. ఇప్పుడు తీసివేసినచో మఱల బంతి ముట్టడు" అనెను. ఇరువురి మాటలోను నిజము కలదు. ఆటల సంఘములో మేము కూడ ఒకరమై యుండుటచే, ఈ విషయమున మా యభిప్రాయమును దాచుకొనక వ్రాయుట న్యాయమని తోచినది.

అభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. ఓడుచున్న పిన్నవానిని కొన్నాళ్లు ఆటనుండి నిలుపుట ఎప్పుడును తప్పేయని మేమనము. అయితే నిలుపుదమనువాడు ఆ బెంచిమీద వానికేమి పని యిచ్చునో, మఱల నెప్పుడు పిలుచునో, ఆ మాట వానితో ఎవరు చెప్పుదురో ముందుగా తేల్చవలెను. ఈ మూడును తేల్చలేనివాడు నిలుపుట కాదు, వెళ్లగొట్టుటయే చేయుచున్నాడు.

ఈ విషయమున మనకు మిక్కిలి దగ్గఱి యుదాహరణము మన హైదరాబాదువాడైన ముహమ్మద్ సిరాజ్. అతడు 1994వ సంవత్సరము మార్చి 13వ తేదీన జన్మించెను. తండ్రి ముహమ్మద్ గౌస్ ఆటోరిక్షా నడపి కుటుంబమును పోషించినవాడు. వీధులలో టెన్నిసు బంతితో ఆడుచు పెరిగిన ఈ బాలునికి తోలుబంతి చేతికి వచ్చుటయే ఆలస్యముగా జరిగినది. చిన్ననాటనుండి శిక్షకుల కనుసన్నల పెరుగు బాలురకుండు సౌకర్యము లతనికి లేవు. అయినను 2016-17 సంవత్సరపు రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున 41 వికెట్లు తీసెను. వెంటనే 2017లో ఐ.పి.ఎల్. వేలములో సన్‌రైజర్స్ హైదరాబాదువారు అతనిని 2 కోట్ల 60 లక్షల రూపాయలకు తీసికొనిరి. వేలము ప్రారంభమైన వెల 20 లక్షలు మాత్రమే. మఱుసటి సంవత్సరము రాయల్ ఛాలెంజర్స్ బెంగుళూరు జట్టువారును అంత వెలకే కొనిరి.

ఇంత వేగముగా పైకి వచ్చినవాడు అంత వేగముగానే దెబ్బలు తినెను. 2017 నవంబరులో రాజకోటలో భారతజట్టు పక్షమున మొదటి ట్వంటీ-20 ఆట ఆడి, నాలుగు ఓవరులలో 53 పరుగులిచ్చెను. 2019 జనవరిలో అడిలైడులో మొదటి వన్డే ఆట ఆడి, పది ఓవరులలో 76 పరుగులిచ్చి ఒక్క వికెట్టును తీయలేకపోయెను. ఆ సంవత్సరపు ఐ.పి.ఎల్.లో 9 ఆటలలో అతనికి దక్కిన వికెట్లు 7; ఓవరునకు తొమ్మిది పరుగులకు మించి యిచ్చెను.

ఆ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన బెంగుళూరులో జరిగిన ఆట ఎందఱికో జ్ఞాపకముండును. బెంగుళూరు జట్టు 205 పరుగులు చేసియు కలకత్తా జట్టు చేతిలో ఓడినది. ఆండ్రీ రసెల్ 13 బంతులలో 48 పరుగులు కొట్టెను. సిరాజ్ వేసిన బంతి రెండవ పర్యాయము నేలను తాకక నడుమెత్తున వచ్చుటచే, నియమము ప్రకారము అంపైరు అతనిని ఇక బంతి వేయగూడదని నిలిపివేసెను. మిగిలిన ఓవరును మఱియొకడు ముగింపవలసి వచ్చెను. ఓవరు నడుమ బంతిని ఇంకొకని చేతిలో పెట్టి, ఇరువది యైదేండ్ల పడుచువాడు వేలకొలది ప్రజల యెదుట ప్రక్కకు నడచిపోవుట ఎట్లుండునో పాఠకులు ఊహింతురు గాక. ఆ సంవత్సరము బెంగుళూరు జట్టు ఎనిమిదింటిలో ఎనిమిదవదిగా నిలిచెను. జనులు ఊరకుండలేదు. ఆట మాని నీ తండ్రితో కూడ ఆటో నడుపుకొమ్మని తన్ను పరిహసించిరని అతడే పిమ్మట చెప్పుకొనెను. ఇచ్చట ఒక్క మాట. మన పాఠశాలలో చదువుచున్న బాలబాలికల తండ్రులలో ఆటో నడపువారు పెక్కురు గలరు. ఆ మాటను తిట్టుగా వాడినవారికి, ఆ బండిపై వచ్చిన రూకలతోనే ఆ కుమారుని చేతికి బంతి వచ్చినదని తోచలేదు కాబోలు.

ఇప్పుడు విచారింపవలసినది యేమనగా, ఆ జట్టువా రేమి చేసిరి? 2020వ సంవత్సరమునకు అతనిని విడిచిపెట్టలేదు. అయితే ప్రతి ఆటలోను ఆడించనును లేదు. ఆ సంవత్సరము కొన్ని ఆటలు అతడు బెంచిమీదనే గడపెను. నిలిపియుంచుట, కూర్చుండబెట్టుట అను రెండు పనులును ఒక్క జట్టే, ఒక్క సంవత్సరమే చేసినదన్న మాట. పిమ్మట అక్టోబరు 21వ తేదీన, అబూదాబిలో, అదే కలకత్తా జట్టుతో జరిగిన ఆటలో కెప్టెను విరాట్ కోహ్లీ క్రొత్తబంతినే తెచ్చి అతని చేతిలో పెట్టెను. తన మొదటి ఓవరులోనే సిరాజ్ వరుస బంతులలో రెండు వికెట్లు తీసెను. నాలుగు ఓవరులు ముగియునప్పటికి అతడిచ్చినవి 8 పరుగులు, తీసినవి 3 వికెట్లు. రెండు ఓవరులలో పరుగే లేదు. ఐ.పి.ఎల్.లో ఒక్క ఆటలో రెండు మెయిడెన్ ఓవరులు వేసిన మొదటివాడు అతడే. బంతి పాతబడిన పిమ్మట చివరి ఓవరులలో దెబ్బతినుచున్నవానికి, బంతి క్రొత్తగానుండి గాలిలో తిరుగు వేళ పని యిచ్చుట ఆలోచనతో చేసిన పని యని మా తలంపు.

తరువాతి కథ యందఱెఱిగినదే గాన క్లుప్తముగా చెప్పెదము. 2020 నవంబరులో అతడు ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి మరణించెను. ఇంటికి పోవుటకు అవకాశమిచ్చినను పోక జట్టుతోనే యుండెను. డిసెంబరు 26న మెల్‌బోర్నులో మొదటి టెస్టు ఆడి అయిదు వికెట్లు తీసెను. 2021 జనవరిలో బ్రిస్బేనులో ఒక్క యిన్నింగ్సులోనే 73 పరుగులకు అయిదు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియాకప్పు చివరి ఆటలో 21 పరుగులకు ఆఱు వికెట్లు తీయగా శ్రీలంక 50 పరుగులకే ముగిసెను.

ఇంతటితో అతని కష్టములు తీరిపోయినవని యనుకొనరాదు. 2025లో జరిగిన ఛాంపియన్స్ ట్రోఫీకి అతనిని జట్టులో చేర్చుకొనలేదు. ఆ యేడే ఆగష్టు 3వ తేదీన లండనులోని ఓవల్ మైదానములో, ఇంగ్లండు ఆటగాడు హ్యారీ బ్రూక్ 19 పరుగులవద్ద నుండగా కొట్టిన బంతిని సిరాజ్ చక్కగా పట్టుకొని, వెనుకకు వేసిన యడుగుతో ఎల్లత్రాటిని త్రొక్కెను. అవుటు కావలసినది సిక్సరైనది. బ్రూక్ 111 పరుగులు చేసినాడు. మఱునాటి యుదయమున ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులే. నిన్న తప్పు చేసినవాడని కెప్టెను శుభమన్ గిల్ అతనిని దాచిపెట్టలేదు, బంతి యిచ్చెను. చివరి నాలుగు వికెట్లలో మూడు సిరాజే తీసెను. భారతజట్టు 6 పరుగులతో గెలిచెను.

ఈ కథ చదివి, "చూచితిరా, నిలిపియుంచినచో ప్రతివాడును సిరాజగును" అని యెవరైన వాదించినచో మేమొప్పుకొనము. నిలిపియుంచినను లేవనివారి పేర్లు పత్రికలలో అచ్చుపడవు గదా! వారు లేచినవారికంటె తక్కువమంది యని మేము నమ్మజాలము. కావున లేచిన యొక్కని చూపి వాదించుట లెక్కలో ఒక ప్రక్కను మాత్రమే కూడుట వంటిది. మేము ఈ కథనుండి గ్రహించినది వేఱు. 2018 సెప్టెంబరులో, అనగా రాజకోటకును అడిలైడుకును నడుమ, బెంగుళూరులో ఇండియా-ఎ పక్షమున ఆస్ట్రేలియా-ఎ జట్టుపై ఆడుచు సిరాజ్ ఒక్క యిన్నింగ్సులో 59 పరుగులకు ఎనిమిది వికెట్లు తీసియుండెను. ఐ.పి.ఎల్. మాత్రమే చూచినవానికి అతడు పరుగులిచ్చువాడు. ఈ ఆటను కూడ చూచినవానికి గొప్ప బౌలరు. తీసివేయవలెనా యుంచవలెనా యని యడుగుటకు పూర్వము, వాడు చేయగలిగినది ఏ చోటనైన, ఏ ఆటలోనైన కనబడుచున్నదా యని వెదకుట అవసరము. ఎక్కడను కనబడనిచో సంగతి వేఱు.

మఱియొక హైదరాబాదువాని సంగతి కూడ చెప్పవలసియున్నది. ఏలయనగా కొన్నిసారులు తప్పు ఆటగానిలో నుండదు, వానిని నిలిపిన చోటులో నుండును. వి. వి. యస్. లక్ష్మణ్ 1996 నవంబరులో అహమ్మదాబాదులో దక్షిణాఫ్రికాపై మొదటి టెస్టు ఆడెను. అతడు నడిమి వరుసలో ఆడువాడు. జట్టులో ఆ వరుస నిండియుండుటచేత అతనిని ముందు పంపి, ఇన్నింగ్సు ప్రారంభింపుమనిరి. కొన్ని సంవత్సరములు అతడు వచ్చుటయు పోవుటయుగానే గడచినవి. 1999-2000 రంజీ పోటీలలో 1415 పరుగులు చేసినవాడు టెస్టులలో నిలువలేకపోవుట చూచువారికి వింతగానుండెను. 2000 జనవరిలో సిడ్నీలో 167 పరుగులు చేసిన పిమ్మటకూడ, ఇక ముందు తాను ఇన్నింగ్సు ప్రారంభింపనని అతడు స్పష్టముగా చెప్పివేసెను. చోటు పోయినను సరే యనుకొని పలికిన మాట యది. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై, ఫాలో-ఆన్ ఆడవలసివచ్చిన వేళ, ఆఱవవాడుగా వచ్చు లక్ష్మణ్‌ను మూడవవానిగా పంపిరి. మూడవవాడైన రాహుల్ ద్రావిడ్‌ను ఆఱవచోటికి దింపిరి. లక్ష్మణ్ 281 పరుగులు చేసెను. వారిరువురును కలిసి చేసినవి 376. భారతజట్టు 171 పరుగులతో గెలిచెను. ఇందు ఎవనిని బెంచిమీద కూర్చుండబెట్టలేదు. ఇద్దఱి చోట్లు మార్చిరి. మన బాలుని విషయమున, చివరి ఓవరు పదునాలుగేండ్లవాని చేతికిచ్చినది ఎవరని మమ్ము ఇంతవఱకు ఎవ్వరును అడుగలేదు. ఇచ్చినది కెప్టెను, ఇమ్మని గీతకివతలనుండి సైగ చేసినది మేము.

మన యూళ్లనుండి అమెరికాకు పోయి స్థిరపడినవారిప్పుడు తక్కువమంది కారు. అట్టి పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు సూర్యాపేట వచ్చి, మా వివాదము విని నవ్వి, అచ్చటివారు ఏటేట ఈ వివాదమునే పెద్దయెత్తున చేయుదురని చెప్పెను. వారి ఫుట్‌బాలు పేరునకు కాలియాటయే గాని యెక్కువభాగము చేతితో ఆడునది. పదునొకండుగురిలో క్వార్టరుబ్యాక్ అనువాడు బంతిని చేతబట్టి, రెండు మూడు క్షణములలో ఎవనికి విసరవలెనో తేల్చి విసరవలెను. జట్టు గెలుపోటములు చాలవఱకు వానిమీద నిలిచియుండును. ఇరువది రెండేండ్ల పడుచువానిని కోట్లకొలది ధనమిచ్చి తెచ్చి, నాలుగాటలు ఓడగానే "కూర్చుండబెట్టుడు" అని కేకలు వేయుట అక్కడి జనులకు పరిపాటి యట.

అచ్చటి రెండు కథలు ఒకదానికొకటి యెదురుగా నిలుచును. పేటన్ మానింగ్ అనువాడు 1998లో ఇండియనాపొలిసు జట్టున చేరి, ఆ మొదటి సంవత్సరమే తన విసరులలో 28 ఎదుటివారి చేతికి పోగొట్టెను. మొదటి సంవత్సరపు ఆటగాండ్రలో అంతకు మించి పోగొట్టినవాడు లేడు. జట్టు 16 ఆటలలో 13 ఓడెను. అయినను ఒక్క ఆటనుండియు అతనిని తీయలేదు. మఱుసటి సంవత్సరము అదే జట్టు 16లో 13 గెలిచెను. పాట్రిక్ మహోమ్స్ అనువాని కథ దీనికి వ్యతిరేకము. అతనిని 2017లో కాన్సాసు సిటీ జట్టువారు ఎన్నుకొని, సంవత్సరమంతయు అలెక్స్ స్మిత్ అను అనుభవశాలి వెనుక కూర్చుండబెట్టి, లీగు ఆటలలో చివరిదానిని మాత్రము మొదటినుండి ఆడనిచ్చిరి. 2018లో అతడు 50 టచ్‌డౌనులకు బంతి విసరి, ఆ యేటి మేటి ఆటగాడుగా ఎంచబడెను.

బెంచి మంచిదని వాదించువారందఱును మహోమ్స్ పేరే చెప్పుదురట. వారు మఱచునది యొకటి గలదు. అతనిని ఓడకముందు కూర్చుండబెట్టిరి. నేర్చుకొనుటకు వచ్చినవాని నొక పెద్దవాని ప్రక్కన కూర్చుండబెట్టుట వేఱు. ఊరందఱు చూచుచుండగా ఓడినవానిని మఱునాడు కూర్చుండబెట్టుట వేఱు. బల్ల యొక్కటే. మొదటివానికది తరగతిగది, రెండవవానికది బోను. రెండవవానికి కూడ దానిని తరగతిగదిగా మార్చవచ్చును గాని అది దానంతట అది మాఱదు. ఎవడో యొకడు పూనుకొని మార్చవలెను.

మన పాఠశాలలో వేదపాఠము వినువారికి పౌలు, బర్నబాలకు కలిగిన వివాదము క్రొత్తది కాదు. మార్కు అను పడుచువాడు మొదటి ప్రయాణములో పంఫూలియయొద్ద వారిని విడిచి వెళ్లిపోయెను. రెండవ ప్రయాణమున వానిని వెంటబెట్టుకొనుట తగదని పౌలు, తగునని బర్నబా పట్టుబట్టి, తుదకు వేఱైపోయిరి. పౌలు చేసినది తప్పని మేము ధైర్యముగా చెప్పలేము. మార్గము కఠినమైనది, పనివాడు నమ్మదగినవాడు కావలెను. అయితే బర్నబా వానిని తనతో ఓడనెక్కించుకొని కుప్రకు పోయెను. సంవత్సరములు గడచిన పిమ్మట పౌలే, మార్కు తన పనికి ఉపయోగపడువాడు గాన తోడుకొని రమ్మని వ్రాసెను. పౌలు ఒక్కడే యుండి బర్నబా లేకున్నచో ఆ యుత్తరము వ్రాయవలసిన యవసరమే కలిగియుండదు.

ఇక మా వాదమునకు గట్టి ఆక్షేపణ యొకటి కలదు. దానిని చెప్పినవాడు పైని పేర్కొన్న పెద్దమనిషియే. అతని కుమారుడు పదవ తరగతి. అతడును బంతి వేయువాడే. రెండేండ్లుగా జట్టుతో వచ్చుచు, నీళ్లు మోయుచు, బంతులు ఏరుచు, ఒక్క ఆటకైన నోచుకొనలేదు. వచ్చే సంవత్సరము ఈ బడిలో ఉండడు. "ఓడినవానికి ఓపిక చూపుచున్నారు. సంతోషమే. మా వాని ఓపికకు ఫలమేమి?" అని యా తండ్రి యడిగినప్పుడు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఓడుచున్నవాని చోటు ఒట్టిది కాదు; దాని వెనుక మఱియొకడు నిలిచియున్నాడు. దయ చూపువారు వెనుక నిలిచినవానిని చూడనిచో ఆ దయ పక్షపాతమగును. ధనమిచ్చి ఆడించు జట్లలో ఈ లెక్క వేఱు. అచ్చట వెనుకవానికి మఱియొక జట్టు దొరకవచ్చును. బడిపిల్లవానికి పదవ తరగతి ఒక్కసారియే వచ్చును. ఆ పెద్దమనిషి మాట మమ్ము కొంత మార్చినదని యొప్పుకొనుచున్నాము.

అయినను మేము తొందరపడకుండుటకు మఱియొక కారణము కలదు; అది మా సొంత తప్పు. పదునైదేండ్ల క్రిందట, వేఱొక యూరి బడిలో మేము ఆటలు చూచుచుంటిమి. అప్పుడును ఇట్టి బాలుడే యుండెను. వికెట్టు వెనుక నిలుచువాడు. ఒక ఆటలో మూడు క్యాచులు జారవిడిచెను. తరువాతి ఆటకు జట్టు పేర్లు వ్రాసి నోటీసుబోర్డుకు అంటించితిమి. అందు వాని పేరు లేదు. వానితో ఒక మాట చెప్పవలెనని మాకు తోచలేదు. పని తొందరలో నుంటిమి. అంతకంటె గొప్ప కారణము లేదు. వాడు సాయంకాలము తెల్లబట్టలు సంచిలో పెట్టుకొని వచ్చి, బోర్డు చదివి, సంచి విప్పకయే వెళ్లిపోయెను. ఆ దినమునుండి వాడు మైదానమునకు రాలేదు. చదువు మానలేదు, చెడిపోలేదు. ఇప్పుడు మంచి స్థితిలోనే యున్నాడు. అప్పుడప్పుడు సూర్యాపేట బస్టాండులో కనబడినప్పుడు ఎంతో మర్యాదగా నిలిచి, మా ఆరోగ్యమును, పాఠశాల సంగతులను అడుగును. క్రికెట్టు మాట మాత్రము ఎత్తడు. మేమును ఎత్తము.

కావున ఈసారి వేఱొక విధముగా చేసితిమి. ముందుగా వ్యాయామోపాధ్యాయులును మేమును కలిసి ఆ బాలుడు వేయు విధమును రెండు సాయంకాలములు చూచితిమి. వాని చేతిలో వేగము కలదు. బంతి బయటికి తిరుగుట కూడ కలదు. లోపమెక్కడ ననగా, చివరి ఓవరులో బ్యాటు మొదట పడవలసిన యార్కరు వేయబూనుచున్నాడు. అది ఆటలో మిక్కిలి కష్టమైన బంతి. జానెడు ముందు పడినచో నేల తాకకయే బ్యాటుకు అందును. జానెడు వెనుక పడినచో కొట్టువానికి చేయి చాపుటకు వీలగును. చెమటపట్టిన చేతితో, పరుగు చివరి మూడడుగులు తొందరపడి వేయుచు, పదునాలుగేండ్లవాడు దానిని గుఱికి వేయజాలడు. బాగుగ నేర్చినవారే తప్పుచుందురు. అంతేకాక, వాడు చూచుచున్నది బంతి పడవలసిన చోటు కాదు, కొట్టువాని ముఖము.

పిమ్మట వానిని పిలిచి ఎదుట కూర్చుండబెట్టుకొని ఉన్నదున్నట్లు చెప్పితిమి. మిర్యాలగూడ జట్టు సూర్యాపేటకు వచ్చి ఆడు ఆటలో పదవ తరగతి బాలుడాడును. నీవు ఆడవు. ఆ తరువాత కోదాడ జట్టుతో జరుగు ఆటలో నీవాడుదువు; క్రొత్తబంతి నీకే యిత్తుము; చివరి ఓవరు ఈ యేడు నీ కియ్యము. అంతవఱకు ప్రతి యుదయము బడిగంటకు ముందు రెండు ఓవరులు ఒక్క గుఱికే వేయవలెను. వాడు తల వంచుకొని విని, "నేనాడని ఆటకు జట్టుతో రావలెనా సార్?" అని యడిగెను. రావలెనంటిమి. "నీళ్లు మోయవలెనా?" మోయవలెనంటిమి. కొంతసేపు ఊరకుండి, "ఆ అన్న రెండేండ్లు మోసినాడు గదా" అనెను. ఆ మాట మేము నేర్పినది కాదు.

ఇందువలన కోదాడపై మనము గెలుతుమని మేము మాట యియ్యజాలము. వాడు మఱల పరుగులిచ్చిన నియ్యవచ్చును. అప్పుడు తలిదండ్రులు మఱల మా యింటికి వచ్చుటకు సంపూర్ణమైన హక్కు కలదు. టీ యిచ్చి వినెదము. గీత వెలుపల నిలిచి, బంతి వేయబోవు పిల్లవానిని పేరుపెట్టి హేళన చేయుటకు మాత్రము ఎవ్వరికిని హక్కు లేదు. మిర్యాలగూడలో అట్లు చేసినవారు ఎదుటి పక్షమువారు కారు, మనవారే.

అభ్యాసము జరుగుచున్నది. వ్యాయామోపాధ్యాయులు సిమెంటు పిచ్చిపై, మంచి బంతి పడవలసిన చోట, గుఱికై ఒక చెప్పు నుంచిరి. మొదటి దినమున పండ్రెండు బంతులలో రెండు మాత్రమే దానికి తగిలినవి. గడచిన శనివారమున ఏడు తగిలినవి. ఆ చెప్పు మాదే. దానినిక తొడుగుకొనుటకు వీలులేదు.